నోటి నిండా గుండుసూదులు

అమ్మాయిల హాస్టలు,
మెట్ల పక్క గది

పిన్నీ,

ముందుగా నా మీద నువ్వు మోపిన నేరాన్ని నీ మాటల్లోనే నమోదు చేస్తున్నాను, తర్వాత నేను మార్చి చెప్పానని అనకూడదు కదా. సెలవులకు మీ ఇంటికి వచ్చి, పదహారేళ్ళ నీ కూతుర్ని మేడమెట్ల మీద కూర్చోబెట్టి, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని అడిగాను. లేని ఆలోచనను దాని బుర్రలో నాటాను. అన్నం పెట్టిన ఇంట్లో చావు మాట ఎత్తాను. ఇంతేనా, ఇంకా ఉందా? ఉండే ఉంటుంది. కానీ నువ్వు ఫోనులో ఇంతవరకే చెప్పి, "నీతో మాట్లాడుతుంటే నా మాట నాకే వినపడదు, ఏమన్నా ఉంటే ఉత్తరం రాసి ఏడు" అని పెట్టేశావు. రాస్తున్నాను. ఏడవడం మాత్రం నా వల్ల కాదు.

అడిగాను. కాదనను. కానీ అడగడమే నేరమంటే ఒప్పుకోను. వాన వస్తుందేమో అన్నంతమాత్రాన మబ్బు పట్టదు. ఇంట్లో పొగ వాసన వస్తోందని చెప్పినవాడి జేబులో అగ్గిపెట్టె వెతకడం మీ ఇంటి పద్ధతయితే, ఆ పద్ధతి మీదే నా అభ్యంతరం. సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదని, లోపల నలుగుతున్న మనిషికి ఊపిరి తిరుగుతుందని ఈ పనిలో ఉన్న వైద్యులు చెబుతున్నారు. నా సొంత కవిత్వం కాదిది.

నేనేం చూసి అడిగానో కూడా విను. మిరియం అని పేరు పెట్టిందే నువ్వు: చూడ్డానికి ఇంతే, నోట్లో వేసుకుంటే తెలుస్తుందని. ఆ మిరియం నేనున్నన్ని రోజుల్లో నాతో ఒక్కసారీ పోట్లాడలేదు. నేను కావాలని అన్యాయంగా మాట్లాడి రెచ్చగొట్టినా "నీ ఇష్టం అక్కా" అంది. తల దువ్వుకోవడం మానేసింది. నీ షాపు గోడ మీది ఫ్యాషన్ బొమ్మలన్నిటికీ మీసాలు గీసిన పిల్ల, ఇప్పుడు ఒక చొక్కాకు ఒక్క కాజా కుట్టి మిగతావి వదిలేసి గోడవైపు తిరిగి కూర్చుంటోంది. స్నేహితురాలు వస్తే "లేనని చెప్పు" అంది. చివరికి, ఆరిన బట్టలు మడతపెడుతూ, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా, "నేను లేకపోతే అమ్మకు ఒక పని తగ్గుతుంది కదా" అంది. అప్పుడు అడిగాను. "అప్పుడప్పుడు" అంది. నచ్చజెప్పాను. విన్నది.

కాబట్టి నా కోరికలు రెండు. దాన్ని మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళు. వెళ్ళేలోగా ఇంట్లో, షాపులో ఉన్న కత్తెరలు, బ్లేడులు, మందులు తాళంలో పెట్టు. ఈ రెండిటికీ కాదనడానికి నీ దగ్గర కారణాలుంటే రాయి. కోపం కారణం కాదు.

నీ అక్క కూతురు


షాపు

వకీలమ్మా,

నీ తీర్పు అందింది. ముద్దాయివీ నువ్వే, జడ్జివీ నువ్వే, నన్నెందుకు మధ్యలో పిలిచావో తెలియడం లేదు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకే? నా కూతురు. నా కడుపులోంచి వచ్చింది. అది ఆవలిస్తే నేను పేగులు లెక్కపెడతాను. నాలుగు పుస్తకాలు చదివి, వక్తృత్వ పోటీల్లో నలుగురిని స్టేజీ మీద ఓడించి, ఇప్పుడు మా ఇంటికొచ్చి జబ్బులు కనిపెడుతున్నావు. పదహారేళ్ళకి మొహం ముడుచుకోని ఆడపిల్ల ఎక్కడుంది? నేను ముడుచుకోలేదా? మీ అమ్మ ముడుచుకోలేదా? ఆ వయసులో మీ అమ్మ ఎంతకాలం ఎవరితోనూ మాట్లాడలేదో అడిగి చూడు. ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. బానే ఉంది, నిన్ను కూడా కన్నది.

మీ బాబాయి అక్కగారికి చెప్పాను, అదే మీ అత్తయ్యకి. ఆవిడ బళ్ళో పెద్ద టీచరుగా చేసి రిటైరైన మనిషి. "వయసు పొగరు, పరీక్షల భయం, రెండూ కలిస్తే ఇలాగే ఉంటుంది, గారం తగ్గించు" అంది. మీ బాబాయిని అడిగితే "గాలి మార్పు ఉంటే బాగుంటుందేమో" అన్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషికి పైకీ కిందికీ పంపడమే తెలుసు.

కత్తెరలు దాచమన్నావు. దర్జీ ఇంట్లో కత్తెర దాచడమంటే పొయ్యి ఆర్పేసి వండమన్నట్టు. గిరాకీ వచ్చి బట్ట ఇస్తే ఏమనను, ఉండండమ్మా తాళం తీసొస్తాను, మా అక్క కూతురి ఆర్డరు అననా? పక్క కొట్టువాడు తెల్లారేసరికి వీధంతా చెబుతాడు.

పిల్ల బాగుంది. నిన్న కాస్త తిన్నది కూడా. మళ్ళీ ఆ మాట దాని ముందు ఎత్తావంటే మర్యాద దక్కదు.

పిన్ని

మీ అమ్మకి ఇదంతా చెప్పావా? చెప్పకు.


గ్రంథాలయం,
కిటికీ పక్క బల్ల

పిన్నీ,

అమ్మకు చెప్పలేదు. నువ్వు చెప్పవద్దన్నందుకు కాదు. చెబితే మీ ఇద్దరూ ఏడ్చుకుని, ఒకరినొకరు ఓదార్చుకుని, మిరియం సంగతి మరిచిపోతారని.

"నిన్న కాస్త తిన్నది" అని రాశావు. పిల్ల తిన్నదన్నది వార్తగా రాయవలసి వచ్చిందంటే, ఆ వాక్యం నీ పక్షాన సాక్ష్యం చెబుతోందా, నా పక్షానా? అత్తయ్య ఎందరో పిల్లలను చూసి ఉండవచ్చు. తరగతి గదిలో నిశ్శబ్దంగా కూర్చున్న పిల్లను ఏ టీచరమ్మ అయినా మంచిపిల్ల అంటుంది తప్ప ఏమైందని అడగదు. ఇక నువ్వూ అమ్మా ముడుచుకున్న సంగతి. మీరు ఆ వయసు దాటి బతికారు కాబట్టి అది జబ్బు కాదంటున్నావు. ఈదుకుంటూ ఒడ్డు చేరినవాళ్ళే కదా పిన్నీ, ఒడ్డున నిలబడి నీళ్ళు లోతు లేవనేది.

నా వైపు నుంచి నేను ఊరికే కూర్చోలేదు. కూర్చోలేకపోతున్నాను కూడా, ఈ బల్ల దగ్గర ఒక పేజీ చదవడానికి ఎన్నిసార్లు లేచి తిరుగుతున్నానో, ఎదురుగా కూర్చున్న కుర్రాడు విసుక్కుని వేరే బల్లకు మారిపోయాడు. రోజూ మిరియానికి మెసేజీ పెడుతున్నాను. తను మీకు బరువెందుకు కాదో ఒకరోజు, రేపు ఈరోజులాగే ఉంటుందనుకోవడం ఎందుకు పొరపాటో ఇంకోరోజు. పకడ్బందీగా రాస్తున్నాను. "సరే అక్కా" అని జవాబు వస్తోంది. ప్రతిసారీ "సరే". ఎదురు వాదన లేదు. అంటే మాట లోపలికి వెళుతోందనే అనుకుంటున్నాను.

అయినా నచ్చజెప్పడం వైద్యం కాదు. వారంలోగా నువ్వు కదలకపోతే నేను వాళ్ళ బడిలోని కౌన్సిలరుకు రాస్తాను. బెదిరింపు అనుకుంటే అనుకో. బెదిరింపే.

నీ అక్క కూతురు


ఇల్లు, పై గది

తల్లీ,

ఈ ఉత్తరానికి వెంటనే జవాబు రాయకు. చదివి ఒక పూట ఊరుకో.

నిన్న మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. మిరియం బడి స్కర్టు నడుం దగ్గర జారుతోంటే, దాన్ని బల్ల మీద నిలబెట్టి పిన్నులు పెడుతున్నాను. నా అలవాటు నీకు తెలుసుగా, గుండుసూదులన్నీ పెదాల మధ్య పట్టుకుని ఒక్కొక్కటే తీస్తాను. అప్పుడు ఇల్లు తగలబడుతున్నా నేను మాట్లాడలేను.

పైనుంచి నా నడినెత్తి చూస్తూ, "అమ్మా, అక్క ఏమడిగిందో నీకు చెప్పింది కదా. నేనేమన్నానో చెప్పిందా?" అంది.

ఊఁ అన్నాను.

"అప్పుడప్పుడు అనిపిస్తుందన్నాను. ఎందుకూ అంది. చెప్పాను. పొద్దున లేవడమంటే తడి దుప్పటి పిండకుండా ఎత్తినట్టుందని. నేనున్నా లేకపోయినా ఒకటేననిపిస్తుందని. మీ అందరికీ బరువైపోయానని. అక్క ఒక్కోదానికీ జవాబు చెప్పింది అమ్మా. ఇది తప్పు, ఎందుకంటే ఇది. అది తప్పు, ఎందుకంటే అది. అన్నీ అయ్యాక, ఇంకేమైనా మిగిలిందా అంది. నా దగ్గరేం మిగల్లేదు. అక్క గెలిచింది. నాకు మాత్రం అలాగే ఉంది. ముందు ఊరికే అలా అనిపించేది. ఇప్పుడు అలా అనిపించడం తప్పని కూడా తెలిసిపోయింది. ఇంకెవరికి చెప్పను?"

నోరు ఖాళీగా ఉంటే "ఛీ, అవేం మాటలే, నోర్ముయ్" అనేదాన్ని. తప్పకుండా అనేదాన్ని, నా సంగతి నాకు తెలుసు. అనడానికి లేక తలెత్తి చూశాను. నా మొహంలో ఏం కనిపించిందో మరి, అది ఆగలేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదంది. బళ్ళో బోర్డు మీది అక్షరాలు చదువుతుంది గానీ ఏదీ బుర్రకెక్కడం లేదంది. స్నేహితురాలు నవ్వితే తననే అనుకుంటుందట. నా పిన్నుల పని ఎప్పుడో అయిపోయింది. అయినా మిగిలిన సూదులు నోట్లోంచి తీయలేదు. పెట్టిన పిన్నునే తీసి మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీశాను. అది చెబుతూనే ఉంది. నా పెదవి మీద ఇప్పటికీ గాటు ఉంది.

నీకు చెప్పనిది ఒకటుంది. ఆ స్కర్టు నడుం లోపలికి కుట్టడం ఇది మొదటిసారి కాదు. నువ్వు రాకముందే ఒకసారి కుట్టాను. నువ్వు వెళ్ళాక మళ్ళీ కుట్టాను. బట్ట ఒంటికి సరిగ్గా కూర్చుంటే పిల్ల చిక్కినట్టు ఎవరికీ తెలియదు. కుట్టినదానికీ తెలియకుండా పోతుంది. ఎవరి ఒళ్ళు ఎలా ఉంటే బట్టని అలా సరిపెట్టడం నా పని కదా, సరిపెట్టేశాను. నువ్వు అడిగావని నీ మీద అరిచాను గానీ, టేపు పట్టుకున్న దాన్ని నేను.

డాక్టరు దగ్గరికెళ్ళి ఏమని చెప్పాలో రాయి. నన్ను తిట్టాలనుంటే అది వేరే కాగితం మీద రాసుకో.

పిన్ని


హాస్టలు

పిన్నీ,

ఒక పూట ఊరుకున్నాను. నా జీవితంలో అంత పొడుగు పూట లేదు. హాస్టలు చుట్టూ నడిచాను, వాచ్‌మన్ "ఏమ్మా, ఏదన్నా పోగొట్టుకున్నావా?" అని అడిగేదాకా.

"నచ్చజెప్పాను, విన్నది" అని నీకు రాసినప్పుడు నేను అబద్ధమాడానని అనుకోలేదు. మెట్ల మీద దాని మొహం వాడిపోవడం చూశాను. నా వాదన పనిచేస్తోందనుకున్నాను. ఎదుటి జట్టువాళ్ళ మొహాలు కూడా అలాగే వాడతాయి. నాకు తెలిసిన గుర్తు అదొక్కటే. ఆ తర్వాత రోజూ మెసేజీలు పెట్టి, ఓడినదాన్ని మళ్ళీ మళ్ళీ ఓడించాను. "సరే అక్కా" అన్న జవాబులన్నీ ఇప్పుడు వరసగా చదివితే భయం వేస్తోంది.

ఆ ప్రశ్నను నేను ఉపసంహరించుకోను. మళ్ళీ అడగవలసి వస్తే మళ్ళీ అడుగుతాను. దాని తర్వాత చేసిన ప్రసంగాన్ని మొత్తంగా ఉపసంహరించుకుంటున్నాను. ఈ సంగతి మిరియానికి ఎలా చెప్పాలో తెలియక, నిన్న ఒక్క వాక్యం పంపాను: "నువ్వు చెప్పింది తప్పు కాదు, నేనే వినలేదు." ఇంతవరకు జవాబు లేదు. "సరే" కూడా లేదు. ఎందుకో ఆ లేకపోవడమే మేలనిపిస్తోంది.

నువ్వడిగింది రాస్తున్నాను. పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది, అక్కడికి వెళ్ళండి. నిద్ర, తిండి, చదువు, స్కర్టు సంగతి, మెట్ల మీద చెప్పిన మాట, ఏదీ చిన్నదనుకుని దాచకు. డాక్టరు దానితో ఒంటరిగా మాట్లాడతానంటే బయటికి వచ్చేయి. "మా పిల్ల మంచిది" అని మొదలుపెట్టకు, మంచిది కాదని ఎవరూ అనడం లేదు. ఒకవేళ ఈలోగా అది "ఇప్పుడే అనిపిస్తోంది" అన్నా, నీకు ఏమాత్రం అనుమానం వచ్చినా, అపాయింట్‌మెంటు కోసం చూడకుండా నేరుగా అత్యవసర విభాగానికి తీసుకెళ్ళు. ఒంటరిగా వదలకు.

తిట్లు రాయడానికి వేరే కాగితం తీశాను. దాని మీద నా పేరే వచ్చింది. చించేశాను.

నీ అక్క కూతురు


ఆసుపత్రి వరండా,
తర్వాత ఇల్లు

తల్లీ,

మిరియం లోపలుంది, నన్ను బయటికి పంపారు. కూర్చోలేక ఈ ఉత్తరం మొదలుపెట్టాను. చేతికి పని లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది. ఇందాక పక్క బెంచీలో ఒకావిడ పైట అంచు ఊడి ఉంటే, బ్యాగులోంచి సూదీ దారం తీసి అడక్కుండానే కుట్టేశాను. ఆవిడ నన్ను కూడా పేషెంటే అనుకుంది. "మీరు ఎన్నాళ్ళ నుంచి వస్తున్నారు?" అంది.

మీ బాబాయి లిఫ్టు ముందు నిలబడి, "తలుపు ఆలస్యంగా మూసుకుంటోంది, ఎవరికైనా చెప్పి రానా?" అన్నాడు. "ముందు మన పిల్ల సంగతి చెప్పండి" అన్నాను. వెళ్ళి కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

ఇప్పుడు ఇంటికొచ్చి రాస్తున్నాను. ఆ డాక్టరమ్మకి జలుబు, ముక్కు తుడుచుకుంటూనే ఉంది. మా ముందే దాన్ని నీ ప్రశ్నే అడిగింది. ఇంచుమించు నీ మాటల్లోనే. మిరియం "అప్పుడప్పుడు" అంది. ఆవిడ ఉలిక్కిపడలేదు, బోధ చేయలేదు. "ఊఁ, ఇంకా చెప్పు" అంది. అంతే. తర్వాత మమ్మల్ని బయటికి పంపింది.

డిప్రెషన్ లాగే ఉందట, ఇంకా కొన్నిసార్లు చూస్తే గానీ ఖాయంగా చెప్పలేనంది. మాత్రలు రాసింది. గుణం కనబడటానికి వారాలు పడుతుందని, మొదట్లో మరీ కనిపెట్టి ఉండాలని, బాగుందనిపించినా తనకి చెప్పకుండా ఆపొద్దని చెప్పింది. వారం వారం వచ్చి మాట్లాడి వెళ్ళాలట. నేను కుట్టడం వల్లే ఇలా అయిందా అని అడిగాను. "మీరు కుట్టడం వల్ల రాలేదమ్మా, కనబడటం ఆలస్యమైందంతే" అంది. మంచి మాటో చెడ్డ మాటో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కత్తెరలు దాచమని ఆవిడా అంది. మీ బాబాయి పనిచోటు నుంచి ఇనప పెట్టె ఒకటి తెచ్చి, తాళం బిగించి, కత్తెరలు, బ్లేడులు, మాత్రలు అన్నీ అందులో పెట్టి తాళంచెవి నా మెళ్ళో గొలుసుకి వేశాడు. మిరియం చూసి, "అమ్మా, మనం దర్జీలమా, బ్యాంకు వాళ్ళమా?" అంది. నవ్వలేదు. కానీ అంది కదా.

పిన్ని


బస్సు స్టాండు,
బెంచీ మీద

పిన్నీ,

మీ ఇంటి నుంచి తిరిగి వెళుతున్నాను. బస్సు రాలేదు. ఎదురెదురుగా చెప్పలేనివి రాసి ఇక్కడే పోస్టు డబ్బాలో వేస్తాను.

శని, ఆదివారాలు నేను నీ షాపులో కాజాలు కుట్టాననడం అతిశయోక్తి, బట్టను గాయపరిచాను. మిరియం పక్కనే కూర్చుంది. అది మాట్లాడితే విన్నాను, మాట్లాడకపోతే దారం ఎక్కించాను. బదులు చెప్పకుండా ఉండటం ఇంత శారీరక శ్రమ అని నాకు తెలియదు. ఒకచోట అది, "మాత్ర వేసుకున్నా నిన్న ఏమీ తేడా లేదు, ఎప్పటికీ ఉండదేమో" అంది. నా నాలుక చివర అయిదు సమాధానాలు లేచి నిలబడ్డాయి. కూర్చోమన్నాను. "చాలా విసుగ్గా ఉందా?" అన్నాను.

అది నా మొహంలోకి చూసి, "అక్కా, నీకు ఒంట్లో బాగాలేదా?" అంది.

"ఎందుకే?"

"ఇంతసేపు ఎవర్నీ ఖండించలేదు."

నువ్వు బల్ల వెనక్కి తిరిగి నవ్వు దాచుకోవడం చూశాను. తర్వాత అది కాసేపు ఏడ్చింది, అదీ చూశావు. నేను భుజం మీద చెయ్యి వేయాలో వద్దో తెలియక అడిగాను. "వెయ్యి" అంది.

పిన్నీ, నాకు భయంగానే ఉంది. దాని ముందు చెప్పలేదు. బస్సు వస్తోంది.

నీ అక్క కూతురు


షాపు

తల్లీ,

తొందరగా రాస్తున్నాను, ఎవరైనా వస్తారు.

మిరియం కాస్త తేలికపడింది. బడికి వెళుతోంది, అన్ని రోజులూ కాదు. మొన్న పొద్దున్నే తనంతట తాను తల స్నానం చేసి వచ్చి "సబ్బు మార్చావా?" అంది. నేను లోపలికెళ్ళి ఏడ్చాను. సబ్బు గురించి.

ఇప్పుడు గొడవ వేరు. మీ అత్తయ్య వచ్చింది. మాత్రల పెట్టె చూసింది. "నవ్వుతోంది, తింటోంది, ఇంకా ఈ మందులెందుకు? అలవాటైతే జీవితమంతా మింగాలి. రేపు పై చదువుకో ఉద్యోగానికో వెళ్ళినప్పుడు ఈ కాగితాలు బయటపడితే పిల్ల గతేం కాను? ఆపేయండి, ఆసుపత్రికి వెళ్ళడం కూడా ఆపేయండి" అంది. ఆవిడ చెడ్డది కాదు, దానికి స్వెటరు కూడా తెచ్చింది. మా మామగారు, అదే మీ తాతయ్య, "పెద్దది చెప్పిందంటే ఆలోచించే చెబుతుంది" అన్నాడు. మీ బాబాయి నా వైపు చూసి, వాళ్ళ అక్క వైపు చూసి, గోడ వైపు చూశాడు. ఆదివారం మా ఇంట్లో అందరూ కూర్చుని తేలుస్తారట. బుధవారం మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంత జరుగుతుంటే మిరియం పక్క గదిలోనే ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు.

మా వదిన ముందు నాకు నోరు పెగలదని నీకు తెలుసు. నువ్వు రాయి. నేను నిలబడి చదువుతాను. గట్టిగానే చదువుతాను. ఎవరెంత అరిచినా చివరి వాక్యం దాకా ఆపను.

మీ పిన్ని


హాస్టలు

అత్తయ్యకూ, తాతయ్యకూ, బాబాయికీ, పిన్ని గొంతుతో

మిరియం ఈ గదిలో లేకపోతే, పిన్నీ, చదవడం ఇక్కడే ఆపి దాన్ని పిలువు. వచ్చి కూర్చున్నాక మొదలుపెట్టు. వాళ్ళు కాదన్నా పిలువు.

అత్తయ్యా, మీరు మిరియం మంచి కోరే మాట్లాడుతున్నారని నాకు తెలుసు. మీ భయాలు నాకూ ఉన్నాయి. లోకం నోరు మంచిది కాదు, కాగితాలు బయటపడితే పిల్లను తక్కువ చేసేవాళ్ళు ఉంటారు, నిజమే. కానీ లోకం తక్కువ చేస్తుందేమోనని మనమే ముందుగా దాని వైద్యాన్ని తక్కువ చేస్తే, లోకానికి చేయడానికి ఇంకేం మిగిలింది? నవ్వుతోంది కాబట్టి ఇక అక్కర్లేదంటున్నారు. బాబాయీ, దీనికి నువ్వు జవాబు చెప్పు: లిఫ్టు సాఫీగా నడుస్తోంది కదా, ఇంక తాడెందుకు, తీసేద్దామని నీ పనిలో ఎప్పుడైనా అన్నావా? అన్నవాణ్ణి ఆ లిఫ్టు ఎక్కనిచ్చావా?

మాత్రలు ఎంతకాలమో, ఎప్పుడు తగ్గించాలో, ఎలా ఆపాలో డాక్టరమ్మను అడగండి. ఆవిడ చెబుతుంది. అనుమానాలుంటే వెళ్ళి మొహం మీదే అడగండి. జలుబు తగ్గే ఉంటుంది. తనకు చెప్పకుండా ఆపొద్దని ఆవిడ చెప్పినదాన్ని ఇక్కడ చేతులెత్తి కొట్టేయడానికి మనకు హక్కు లేదు. మెజారిటీతో జ్వరం తగ్గదు.

నా దగ్గర ఇంకా వాదనలున్నాయి. నాలుగు పేజీలు రాశాను. అవి పిన్నికి పంపలేదు. పంపితే నేను గెలుస్తాను తాతయ్యా, ఈ గదిలో మీ అందరి మీదా గెలుస్తాను. మీ ఇంటి మెట్ల మీద ఒకసారి గెలిచి చూశాను. ఆ గెలుపు తర్వాత ఈ పిల్ల చాలా రోజులు ఎవరి దగ్గరా మనసు విప్పలేదు. అలాంటి గెలుపు నాకు వద్దు. మీకూ వద్దని మనవి.

అందుకని, మీ ముందున్న తీర్మానాన్నే నేను మారుస్తున్నాను. "ఆపాలా, వద్దా" అన్న ప్రశ్న మనది కాదు. మన ప్రశ్నలు రెండే.

మొదటిది మిరియాన్ని అడగండి: నీకెలా ఉంది? మిరియం, చెప్పాలనుంటే చెప్పు, లేకపోతే లేదు. మాట్లాడకపోయినా ఆ కుర్చీ నీదే. అది చెబుతున్నంతసేపూ ఎవరూ తప్పని అనకండి, ఒప్పని అనకండి, "మా కాలంలో" అనకండి. అది ఆగితే "ఇంకా చెప్పు" అనండి. నోరు ఆపుకోలేనివాళ్ళకు పిన్ని దగ్గర గుండుసూదులున్నాయి, అడిగి తీసుకోండి.

రెండోది మీ అందరికీ. బుధవారం పొద్దున మిరియం ఆసుపత్రికి వెళుతుంది. అది తేలిపోయిన సంగతి. ఆ వరండాలో, ఆ బెంచీ మీద, దాని పక్కన ఎవరు కూర్చుంటారన్నదే తేలలేదు. పిన్నీ, కాగితం దించి వాళ్ళ వైపు చూడు.

వచ్చేవాళ్ళు చేతులెత్తండి.